విప్పని మూత

2004 వేసవిలో ఒక మధ్యాహ్నం నూకరాజు అడిగిన మాటకు నేను నవ్వి తప్పించుకున్నాను. ఆ నవ్వే నా తప్పు.

అనకాపల్లి బెల్లం మార్కెట్ పక్క వీధిలో ఎలక్ట్రానిక్ కాటాలు బాగుచేసే షాపు నాది. అంతకు ముందు పదిహేనేళ్ళు సైన్యంలో రహస్య సమాచారం పంపే యంత్రాల మెయింటెనెన్స్‌లో పనిచేశాను. వీధిలో అందరికీ మిలట్రీ మామనే.

నూకరాజుది కశింకోట. చెరకు రైతు అప్పారావు కొడుకు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాడు. నేను లోడ్ సెల్, అంటే బరువును కరెంటు సంకేతంగా మార్చే దిమ్మ, పాడైందని పక్కన పడేసిన కాటాను ఒకసారి విప్పి, వెంట్రుకంత టంకం పగులు చూపించాడు. అలాంటి చెయ్యి నేను మళ్ళీ చూడలేదు.

అతనికి నేను చేసిన ఉద్యోగానికే సైన్యం నుంచి లెటర్ వచ్చింది. విశాఖలో ఆస్పత్రి పరికరాలు బాగుచేసే ఒక కంపెనీ కూడా రమ్మంది. ఏదో ఒకటి పది రోజుల్లో తేల్చుకోవాలి. తండ్రితో కలిసి షాపుకి వచ్చాడు.

"మామా, ఒకటే సెప్పు. అక్కడ మిసను విప్పనిత్తారా?"

"మేం పనిసేసే రూములో ఏటి జరుగుతాదో మీ అత్తకే సెప్పలేదురా. నీకు సెప్తానా?" అని నవ్వాను.

బల్ల మీద కూర్చున్న అప్పారావు కొడుకు భుజం తట్టాడు. "పెళ్ళానికే సెప్పని పనంటే సూసుకో. మీ మామంతోడు సేసేడు. ఇంకా ఏటి ఆలోచన?"

విప్పనివ్వరు అని చెబితే దేశ రహస్యమేమీ బయటపడేది కాదు. లోపం పట్టే టెస్ట్ సెట్ మీద ఎర్ర దీపం వెలిగితే ఆ మాడ్యూల్ పీకి ఇంకొకటి పెట్టాలి. మాడ్యూల్ అంటే సీలు వేసిన పెట్టె. కొత్త పెట్టెలుండే పక్క గది తలుపు తీయాలన్నా రిజిస్టర్‌లో ఇద్దరి సంతకాలు కావాలి. పాడైన పెట్టె ఎక్కడికో వెళ్ళిపోయేది. పదిహేనేళ్ళలో దాని లోపల ఏముందో నేను చూడలేదు. బయటికొచ్చాక ఒక రేడియో మెకానిక్ పక్కన రెండేళ్ళు కూర్చుని టంకం పెట్టడం నేర్చుకున్నాను. ఆ సిగ్గును రహస్యం అనే మాట వెనక దాచుకుని, ఊళ్ళో పెద్దమనిషిగా తిరిగాను.

నూకరాజు సైన్యంలో చేరాడు.

రెండేళ్ళ తర్వాత సెలవులో వస్తే, ఎవరికీ కొరుకుడు పడని ఒక కాటాను ముందు పెట్టాను. స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. మూత మీద చెయ్యి ఆగిపోయింది. నా మొహం చూశాడు.

"ఏటైందిరా?"

"ఏటీ లేదు మామా. రెండో సంతకం ఎవులు పెడతారా అని."

ఇద్దరం నవ్వాం. కానీ టంకం పెట్టేటప్పుడు వేడి ములికిని కావలసినదానికన్నా ఎక్కువసేపు ఆనించాడు. బోర్డు మీది రాగి గీత కాలిపోయింది. సోల్డరింగ్ ఐరన్ స్టాండులో పెట్టి, "సెయ్యి మర్సిపోయింది" అన్నాడు. నా వైపు తిరిగి, "ఇలాగవుద్దని నీకు తెలుసు గదా?" అని అడిగాడు.

"తెలుసు."

"మరప్పుడు ఎందుకు నవ్వేవు?"

మర్నాడు షేర్ ఆటోలో కశింకోట వెళ్ళి, కొడుకు ముందే అప్పారావుకి అంతా చెప్పాను. ఆయన చేను వైపు చూశాడు. "మధ్యలో వచ్చీడానికి లేదు గదా బావా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ పని చెడ్డదని నేను అనను. ఎవరో ఒకరు చెయ్యాల్సిందే. కానీ చేసి వచ్చినవాడు దాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇప్పుడు ఎవరు లెటర్ పట్టుకొచ్చినా మొదట నాకేమి రాకుండా పోయిందో చెబుతాను. తర్వాతే టీ తెప్పిస్తాను.

నూకరాజు కోసం ఏడాదంతా కష్టమైన బోర్డులు పక్కన పెట్టి ఉంచుతాను. సెలవులో వస్తే నా కుర్చీ అతనిది. మూత దగ్గర చెయ్యి ఇంకా ఆగుతుంది. అది చూడగానే నేను లేచి వీధిలోకి వెళ్ళి నిలబడతాను, అనుమతి కోసం అతను చూడటానికి షాపులో ఎవరూ లేకుండా.