మిరప కళ్లంలో శాసనం

సత్తెనపల్లి బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ నా చేతిలోని పుస్తకాన్నే చూస్తున్నారు. అది ఒక జమీందారీ వంశపు కవిగారి పేరుతో వచ్చిన మన ప్రాంత చరిత్ర.

"మా అన్నయ్య పుస్తకమమ్మా," అన్నారు.

"మీ ఇంట్లో తాతల నుంచీ అందరూ రచయితలేనటగా! మీరూ రాస్తారా అండీ?" అన్నాను సంబరంగా.

ఆవిడ ముందుమాట తీసి చివరి వాక్యం మీద వేలు పెట్టారు. 'శుద్ధప్రతి రాసిపెట్టిన చెల్లెలికి ఆశీస్సులు.'

"ఊరూరా తిరిగి శాసనాలు చదివిందీ, ఇదంతా రాసిందీ నేనేనమ్మా. అచ్చు వేయిస్తానని పట్టుకెళ్లాడు."

నా పెన్ను అడిగి తీసుకుని, ఒక పేజీలో శాసనం 'గుడి ముందు' ఉందన్నది కొట్టేసి 'మిరప కళ్లంలో' అని దిద్దారు.

"ఘాటుకి తుమ్ముకుంటూ ఆ రాయి చదివాను. కళ్లమంటే మన వంశానికి బాగుండదని గుడి చేశాడు. తనైతే ఆ ఊరి మొహం కూడా చూడలేదు."

తర్వాతి ఊళ్లో దిగిపోయారు. పేరైనా అడగలేదు నేను.

మంచి పనే అనుకుని ఆ తప్పు గురించి కవిగారికి ఉత్తరం రాశాను. ఆవిడ చెప్పారని రాయడానికి మాత్రం మొహమాటపడ్డాను.

రెండో ముద్రణలో తప్పు దిద్దారు. ముందుమాటలో చెల్లెలికి ఆశీస్సులున్న చోట ఇప్పుడు నాకు కృతజ్ఞతలున్నాయి.