పేరులో మూడో ముక్క

ఆ వీధిలో అందరూ ఆమెను మిషనక్క అనేవారు. ఏళ్ళ తరబడి కిటికీ పక్కన కూర్చుని గౌన్లు, స్కూలు యూనిఫారాలు కుట్టింది. మోకాళ్ళు మొరాయించాక ఇక మిషను తొక్కవద్దన్నారు డాక్టర్లు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. కోడలి దగ్గర కంప్యూటరు నేర్చుకుని బ్లడ్ బ్యాంకులో పేర్లు ఎక్కించే పనిలో చేరింది.

కోడలు మందుల షాపులో పనిచేస్తుంది. ఓపిగ్గానే నేర్పింది. మొహమాటమంతా మిషనక్కదే. అడిగిందే మళ్ళీ అడగాలంటే ఆమెకు ప్రాణం పోయినంత పనయ్యేది. ఏ సందేహం వచ్చినా తనలో తనే కుస్తీ పట్టేది.

ఒకరోజు బ్లడ్ బ్యాంకు డాక్టరమ్మ రక్తదాతల జాబితాను మెయిల్లో పంపింది. అందులో పేరంతా ఒకే గడిలో ఉంది. కొత్త ప్రోగ్రాంలోకి ఎక్కాలంటే ఇంటిపేరు ఒక కాలమ్‌లో, అసలు పేరు మరో కాలమ్‌లో ఉండాలి.

"సాయంత్రానికి అయిపోతుందా?"

"అయిపోతుంది మేడమ్."

ఖాళీ ఉన్నచోటల్లా పేరును విడగొట్టే మీట ఒకటుంది. మిషనక్క పేరు పక్కన ఒక ఖాళీ కాలమ్ చేర్చి దాన్ని నొక్కింది. పక్క గడుల్లో ఇప్పటికే ఏదో ఉంది, దాని మీదే రాసెయ్యమంటారా అని కంప్యూటరు అడిగింది. ఇంగ్లీషులో వచ్చే ప్రశ్నలన్నిటికీ ఆమె జవాబు ఒకటే: ఓకే. సేవ్ చేసి, ఫైలు మూసి, టీ తాగి వచ్చింది. తన పని తానే ఇంకోసారి చూసుకుందామని మళ్ళీ తెరిచింది.

పై వరుసలు ముచ్చటగా ఉన్నాయి. కిందికి వెళ్ళేసరికి, రక్తం గ్రూపు ఉండాల్సిన గడిలో ఒకాయన పేరు తాలూకు మూడో ముక్క కూర్చుని ఉంది. దాని కింద ఇంకొకటి. ఆ కింద మరొకటి.

మిషనక్క చివరిదాకా వెళ్ళి చూసింది. కొడుకు పుట్టినప్పుడు ముక్కూ మొహం తెలియని మనిషెవరో రక్తమిస్తేనే ఆమె బతికింది. ఆ మనిషిని పట్టుకున్నది ఇలాంటి జాబితా చూసే. వెనక్కి తెచ్చే మీట నొక్కి చూసింది. ఫైలు ఒకసారి మూసేసింది కదా, ఏమీ కదల్లేదు. మొహమాటం పక్కన పెట్టి కోడలికి ఫోన్ చేసింది.

"కొంప ముంచానమ్మా. పేర్లు విడగొడితే మూడో ముక్కలు మీదపడి గ్రూపులు పోయాయి."

"కంగారు పడకండత్తయ్యా. ముందు దేన్నీ ముట్టుకోకండి. ఆ ఫైలు మీకెలా వచ్చింది?"

"మేడమ్ మెయిల్లో పంపారు."

"మరింకేం? మీరు చెడగొట్టింది మీ దగ్గరున్న కాపీనే. మెయిల్లోది మెయిల్లోనే ఉంటుంది. తెరిచి చూడండి."

తెరిచింది. గ్రూపులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మిషనక్క ఫోను పక్కన పెట్టి, తెర మీద వేలు పెట్టి ఒక్కో వరుసా చూసుకుంటూ పోయింది.

"అత్తయ్యా, ఉన్నారా?"

"ఉన్నానమ్మా. ఇప్పుడే ఊపిరి పీల్చుకుంటున్నా."

"ఈసారి పేరుకీ గ్రూపుకీ మధ్య రెండు మూడు ఖాళీ కాలమ్‌లు పెట్టి, అప్పుడు విడగొట్టండి. ఇకనుంచి ముందే అడగండి."

"విసుక్కోవు కదా?"

"విసుక్కుంటాను. అయినా అడగండి."

ఇద్దరూ నవ్వుకున్నారు.

రెండోసారి గ్రూపులు చెక్కుచెదరలేదు. పాతదాన్ని పక్కన పెట్టుకుని వరుసవరుసా సరిచూసింది. కొందరికి ఇంటిపేరు ముందుంది, కొందరికి వెనకుంది. తేలని వాళ్ళకు ఫోన్లు చేసింది. ఒక పెద్దాయన, "ఇంటిపేరు ముందే అమ్మా, మా ఆవిడ పిలిచేటప్పుడు మాత్రం రెండూ ఉండవు" అన్నాడు.

పని అప్పగిస్తూ, "మధ్యలో ఒకసారి చెడగొట్టాను మేడమ్. మళ్ళీ సరిచేశాను" అని ఉన్నదున్నట్టు చెప్పేసింది. డాక్టరమ్మ కొన్ని వరుసలు తనూ చూసుకుంది. "బాగుంది. ఇక ఇంటికెళ్ళండి" అంది.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. చల్లగాలి తగిలేసరికి ఒళ్ళు తెలియకుండా నిద్రపట్టేసింది. కండక్టరు వచ్చి, "ఆఖరి స్టాపండీ, దిగాలి" అంటే కళ్ళు తెరిచింది. తను దిగాల్సిన చోటు ఎప్పుడో దాటిపోయింది. పోతే పోయిందనుకుంటూ దిగి, తీరిగ్గా తిరుగు బస్సు ఎక్కింది.