వాన కడిగిన వింటికొనలు

"ఏవే, కనబడుతున్నానా?"

"కనబడుతున్నావయ్యా."

మా ఆయనకూ నాకూ మధ్య ఆఖరి మాటలు ఇవే. ఇంట్లో, మంచం మీద, ఊపిరందక అడిగాడు. ఎందుకలా అడిగాడో నాకొక్కదానికే తెలుసు. ఆయన మాజీ జవాను. పటాలం డ్యూటీలన్నీ అందరికీ చెప్పేవాడు గాని, సింగపూర్ సంగతి మాత్రం ఎత్తేవాడు కాదు. అది నేను చెబుతాను. నాకు సంతకం వరకే వచ్చు. మా చెల్లెలి కూతురు రాస్తోంది. ఆయన పటాలం కబుర్లు చెప్పే పద్ధతిలోనే చెబుతాను. ముందు స్థలం.

సెంగ్‌కాంగ్, సింగపూర్‌లో ఒక పేట. కొత్త ఫ్లాట్లు కడుతున్న సైటు. కంప్యూటర్ చదువుల వాళ్ళు విమానాల నిండా దిగుతున్న రోజులు. అదే ఊళ్ళో ఇంకో పేట, టాంపినీస్‌లో, అలాంటి తెలుగు వాళ్ళింట్లో నేను పిల్లను చూసుకునేదాన్ని. పటాలం నుంచి వచ్చేశాక ఈయన ఈ సైటులో పనికి కుదిరాడు. ఆదివారం సెలవు. కూర వండుకుని ఆయన దగ్గరికి వెళ్ళేదాన్ని.

సైటు వెనక నడుమెత్తు గడ్డి. దాటితే అడవి. అందులో ఒక అడవిపంది. సైటులో ఇనప చువ్వలు వంచే మనిషి తొడ చీల్చింది. సూపర్‌వైజర్‌తో చెబితే "అటు వెళ్ళకండి" అన్నాడు. మరుగుదొడ్లు అటే ఉన్నాయి.

దాన్ని కొట్టడానికి విల్లు ఈయనే చేశాడు. ఈశాన్యం కొండల్లో డ్యూటీ చేసినప్పుడు అక్కడివాళ్ళ దగ్గర నేర్చిన పని. వెదురు కొనలు నిప్పుసెగన ముందుకు వంచాడు. ఆ దేశంలో వేట నేరం. పట్టుబడితే జైలు, ఆ తర్వాత ఇంటిదారి.

"పోలీసులు చూస్తే?"

"ఎవరూ చూడకూడదనే కదే ఈ తంటా. పందీ చూడకూడదు, పోలీసూ చూడకూడదు."

పాత యూనిఫారం చొక్కా పీలికలుగా చింపాను. వింటి బద్ద రూపు చెదిరేలా అక్కడక్కడ వదిలి చుట్టాను. కొనలకూ చుట్టబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కడొద్దు. నారి ఆ ఒంపులో పడుకోవాలి. గుడ్డ తగిలితే బాణం దారి తప్పుతుంది."

చెక్కగా తెల్లబడ్డ కొనలకు మట్టీ మసీ కలిపి పూశాం. ఆయన గడ్డిలో దిగి కూర్చున్నాడు.

"కనబడుతున్నానా?"

"మోచెయ్యి."

"ఇప్పుడు?"

"లేదు."

సైటులో వంటమనిషి నవ్వాడు. "వదినకే కనబడకపోతే ఇంక పందికేం కనబడతావన్నా!"

మరుసటి ఆదివారం మధ్యాహ్నం వేటకు దిగాడు. నాకు ఉత్తర్వు: "ఇసక కుప్ప మీదుండు. నేను కనబడితే తప్ప నోరు తెరవకు."

పంది చెట్లలోంచి వచ్చింది. ఆయనెక్కడున్నాడో నాకే తెలియలేదు. అంతలో వాన. అక్కడి వాన అంతే, కుండ బోర్లించినట్టు పడుతుంది. మట్టి, మసి కొట్టుకుపోయాయి. పచ్చగడ్డిలో రెండు తెల్లటి కొనలు తేలాయి. కదులుతున్నాయి. ఆ సంగతి ఆయనకు తెలియదు. పంది తల అటు తిరిగింది.

అరిస్తే సూపర్‌వైజర్ వస్తాడు. అరవకపోతే మనిషి దక్కడు.

"కనబడుతున్నావయ్యా!"

కొనలు పడిపోయాయి. గడ్డి చీల్చుకుంటూ పంది అటే పోయింది. పటుక్కున ఏదో విరిగింది. ఎముకో, వెదురో.

చాలాసేపటికి పాకుతూ వచ్చాడు. చేతిలో విరిగిన విల్లు. వంటమనిషి లాక్కుని పొయ్యిలో పెట్టేశాడు. సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటక్కా కేక?"

"పాము."

"పామా! ఎక్కడ లా?" మాట చివర ఆ 'లా' తగిలించడం అక్కడివాళ్ళ అలవాటు.

పంది అంటే కదలని మనిషి, పాము అనేసరికి గడ్డంతా కోయించాడు. పంది మళ్ళీ రాలేదు.

పని పర్మిట్ల గడువు అయిపోయాక ఇద్దరం ఇంటికొచ్చేశాం. ఇప్పటికీ వాన పడితే నాకా రెండు తెల్ల కొనలే. తేలతాయి. పడిపోతాయి. తర్వాత అంతా గడ్డే. మనిషి లేడు.

రాశావా అమ్మాయీ? ఏదీ, ఒక్కసారి చదివి వినిపించు. మొదట్నుంచి వద్దు. ఆయన పాకుతూ బయటికొచ్చాడే, అక్కణ్ణుంచి.