మంద దించే ముందు అడిగే మాట

బడికీ నాకూ ఏడో తరగతిలోనే చెడింది. నేనే మానేశానని ఇంట్లో అంటారు, వాళ్లే సాగనంపామని సార్లు అంటారు. ఇద్దరికీ ఇష్టమయ్యే విడిపోయామని నేను సర్దిచెప్పుకుంటాను. తర్వాత కొన్నాళ్లు బాపు వెంట గొర్రెలు కాశాను, కొన్నాళ్లు లారీ మీద క్లీనర్‌గా తిరిగాను. తెలంగాణ వచ్చిన కొత్తలో చౌటుప్పల్‌లో ట్రాలీ ఆటో కొన్నాను. జనం ఇల్లు మారితే సామాను మోయడం నా పని.

ఎక్కువ మోతలు చౌటుప్పల్‌కూ భువనగిరికీ మధ్యనే ఉంటాయి. నడుమ మూసీ దాటాలి. సామానుతో గంట దారి. వెనక బీరువా ఊగుతుంటే ఇంటాయన నా పక్కన ఇరుక్కుని కూర్చుంటాడు. ఊరు దాటగానే అడుగుతాడు.

"అన్నా, రెండూర్లు తిరుగుతవ్ గదా. ఉండటానికి ఏది మంచిది?"

"పని గావాల్నంటే చౌటుప్పల్. నిద్ర గావాల్నంటే భోనగిరి."

"రెండు గావాల్నంటే?"

"గట్లయితే మూసీ నడుమల దింపుత, సామానుతోటి."

నవ్వులాటకు చెప్పినా అందులో అబద్ధం లేదు. చౌటుప్పల్ హైవే మీద పెరుగుతున్న ఊరు. కోడి కూయకముందే మందుల కంపెనీ బస్సు హారన్ కొడుతుంది. నిన్నటిదాకా కంది వేసిన చేలల్లో తెల్ల రాళ్లు పాతి ప్లాట్లు చేశారు. అక్కడ చేతులున్నవాడు ఖాళీగా కూర్చోడు. గాలి మళ్లిన సాయంత్రాలు మాత్రం మందుల వాసన వచ్చి వంటింట్లో కూర్చుంటుంది. మా ఆవిడ ఎంత పోపు వేసినా దానిదే పైచేయి. "మందు వాసన ఉత్తగనే దొరుకుతున్నది, జర గట్టిగ పీల్చు, దవాఖాన ఖర్చు తప్పుతది" అని నేనంటే గరిటె చూపించేది.

భువనగిరి బండ కింది ఊరు. ఏ సందులో నిలబడినా ఆ ఒక్క బండ కనిపిస్తుంది. ఎండాకాలం పగలంతా కాగి, పొద్దు గూకాక ఆ వేడినంతా ఊరి మీదికి వదులుతుంది. రైలు ఉంది. జిల్లా అయ్యాక ఆఫీసులు వచ్చాయి, కాగితాల పని పెరిగింది, మోత పని పెరగలేదు. పాత వాడల్లో బండలు పరిచిన ఇళ్లు, వీధి వైపు అరుగులు. చౌటుప్పల్‌లో కొత్త ఇళ్లకు అరుగు ఉండదు. అరుగుండాల్సిన చోట షట్టర్ ఉంటుంది.

ఈ పోలికలన్నీ బతికున్నవాళ్ల కోసమేనని నాకు ఆలస్యంగా తెలిసింది.

మా బాపు గొర్ల కాపరి. మోకాళ్లు పోయాక మంద అమ్మేసి చౌటుప్పల్‌లో మాతో ఉండటానికి వచ్చాడు. మాది కిరాయి ఇల్లు, పై అంతస్తు. రెండేళ్లకు దగ్గు పట్టుకుంది. ఊళ్లో మందులు పనిచేయక హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. డాక్టర్ నన్ను పక్కకు పిలిచి, ఇక చేసేదేమీ లేదని, ఇంటికి తీసుకుపోయి బాగా చూసుకొమ్మని చెప్పాడు. ఆయన చెప్పినదాంట్లో మిగతాదంతా అర్థమైంది. 'ఇంటికి' అన్న మాట దగ్గర ఆగిపోయాను.

ఇల్లు లేదు. ఊళ్లో ఉన్న మట్టి ఇల్లు ఒక వానకాలం కూలిపోయింది. ఆ జాగా అమ్మే నేను ట్రాలీ కొన్నాను. కాగితం మీద వేలిముద్ర వేసి బాపు వేలు తుడుచుకుంటూ, "నాలుగు గోడలు వోయి మూడు చక్రాలొచ్చినయి. ఒకటి తక్కువున్నది, జర చూసి నడుపు" అన్నాడు. ఆ మాటను నేను ఏళ్ల తరబడి అందరికీ చెప్పి నవ్వించాను. దవాఖాన మెట్లు దిగుతూ గుర్తొస్తే నవ్వు రాలేదు.

ఆ నెలలోనే మా కింది పోర్షన్‌లో కిరాయికున్న వాచ్‌మన్ దవాఖానలో చనిపోయాడు. బండిలో తెచ్చారు. ఇంటి ఓనర్ గేటు దగ్గర నిలబడ్డాడు. చెడ్డవాడు కాడు, పండక్కి మా పిల్లలకు బట్టలు పెట్టేవాడు.

"నాకు మీతోటి పగ లేదు తల్లీ" అన్నాడు ఆ వాచ్‌మన్ భార్యతో. "నక్షత్రం మంచిది గాకపోతె ఆర్నెల్లు ఇల్లు పాడువెట్టాలె. నేను పిల్లలను తీస్కొని యాడికి వోవాలె?"

అది మా దగ్గర ఉన్న పద్ధతే. చెడ్డ నక్షత్రంలో ప్రాణం పోతే, ఆ శవం పడుకున్న ఇంటికి తాళం వేసి అందరూ బయటికి పోవాలి. అందుకే కిరాయిదారు శవాన్ని గేటు దాటనివ్వరు. నా ట్రాలీ రోడ్డు పక్కన పెట్టి, ట్రాలీకీ కరెంటు స్తంభానికీ సామాను మీద కప్పే తాడిపత్రి కట్టాను. దాని కింద ఆయన్ని పడుకోబెట్టారు. లారీ పోయినప్పుడల్లా దుమ్ము లేచి ముఖం మీద పడుతుంటే ఆమె కొంగుతో తుడుస్తూ కూర్చుంది. ఏడవడానికి ఆమెకు తీరిక దొరకలేదు.

బాపు పైనుంచి పిట్టగోడ పట్టుకుని అంతా చూశాడు. మర్నాడు చాయ్ తాగుతూ, "నన్ను గట్ల తొవ్వల పండవెట్టకురా" అన్నాడు.

"నువ్విప్పుడే యాడికి వోతున్నవ్? నీకు టికెట్ దొరకలే ఇంకా."

ఆయన నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి నా వైపే చూశాడు. జాగా అమ్మినవాణ్ని నేను. ఆ సంగతి ఆయన ఒక్కసారి కూడా అనలేదు, ఆ రోజు కూడా అనలేదు.

ఇల్లు వెతకడం మొదలుపెట్టాను. మా ఆవిడ ముందే పాఠం చెప్పింది. "మామకు ఉత్త దగ్గే అని చెప్పు. చలికాలం దగ్గు అను." అది ఎండాకాలం. అయినా సరే అన్నాను. ఇల్లు చూడటానికి తానూ వస్తానని బాపు ట్రాలీ ఎక్కేవాడు. నేను ఓనర్‌తో నీళ్లెన్ని గంటలకొస్తాయని మాట్లాడుతుంటే, చేతికట్టె ఊతంగా దిగి వచ్చి నేరుగా అడిగేవాడు.

"అయ్యా, నాకు పోయే కాలమొచ్చింది. నేను సస్తె గీ ఇంట్ల పండవెట్టనిస్తరా?"

చౌటుప్పల్‌లో మూడిళ్లు అట్లా పోయాయి. ఒకాయన మాకు ఇవ్వబోయిన మంచినీళ్ల చెంబు కూడా వెనక్కు తీసుకుపోయాడు. మూడో ఇంటి నుంచి వస్తుంటే నాకు కోపం ఆగలేదు.

"బాపూ, అది కిరాయి ఇల్లే. పిల్లనిచ్చే సంబంధం గాదు, అన్నీ ముందే చెప్పుకోను."

"మంద దించే ముందు మనమెన్నడన్న అడుగకుంట దించినమారా?"

అప్పుడు గుర్తొచ్చింది. ఎండలు ముదిరితే మంద తోలుకుని మక్తల్ దాకా, కృష్ణ ఒడ్డు దాకా పోయేవాళ్లం. దారిలో రైతుల చేలల్లో మందను పడుకోబెట్టేవాళ్లం. చేనుకు ఎరువు, మాకు గింజలు. మంద దించే ముందు బాపు ఆసామిని మూడు మాటలు అడిగేవాడు. నీళ్లెక్కడ, కుక్కలున్నాయా, గొర్రె చస్తే నీ గట్టు మీద బొంద తీయనిస్తవా. మూడో మాటకు ఆసామి నసిగితే బాపు మందను లేపేవాడు. గొర్రెలు అలసిపోయినా సరే, పొద్దు గూకుతున్నా సరే. ఇంకో రెండు కోసులు నడవాల్సి వచ్చినందుకు నేను ఆయన్ని లోపల తిట్టుకునేవాణ్ని. చచ్చినదానికి జాగా ఇవ్వనివాడు బతికినదానికి నీళ్లు సరిగా పోయనివ్వడని ఆయన లెక్క.

ఆ తర్వాత దగ్గు పాఠం చెప్పడం మా ఆవిడ మానేసింది.

భువనగిరి పాత వాడలో ఒక మోత దింపుతుంటే అరుగున్న ఇంటి తలుపు మీద కిరాయి బోర్డు కనిపించింది. మరుసటి వారం బాపునూ మా ఆవిడనూ తీసుకుపోయాను. ఆ ఇంటి అవ్వ ఒక్కతే ఉంటుంది. ఇద్దరు కూతుళ్లు దూరపు ఊళ్లలో ఉంటారు. యాదగిరిగుట్ట దుకాణాలకు దీపం వత్తులు చేసి పంపుతుంది. మేం వెళ్లేసరికి అరుగు మీద దూది ముందు వేసుకుని కూర్చుంది. బాపు దగ్గు ఆగేదాకా ఆగి తన మాట అడిగాడు.

అవ్వ వత్తి చేసే చేయి ఆపలేదు.

"నువ్వెన్నడు వోతవ్?"

"నా చేతుల ఉన్నదా అక్కా?"

"ఎండకాలం వోకు. గీ బండ సెగకు నిన్ను చూడొచ్చినోళ్లు గూడ నీ ఎంబడే వస్తరు." రెండు వత్తులు చేశాక మళ్లీ అంది. "మరి నేను ముందుగాల వోతె?"

"నా కొడుకు పండవెడ్తడు. నీ బిడ్డలొచ్చేదాంక కాడ కూసుంటడు."

ఆమె నా వైపు చూసింది. ఎవరేం అన్నా బదులు చెప్పే నోరు నాది. ఆ పూట నవ్వులాట ఆడలేదు.

"సరే అవ్వా" అన్నాను.

"సరే గాదు. పండవెడ్త అను."

"పండవెడ్త."

"అయితే సామాను తెచ్చుకోండ్రి."

అందరి సామానూ మోసినవాణ్ని, నా సామాను నేను మోసుకోవడం అదే మొదలు. పక్కన బాపు కూర్చున్నాడు. చౌటుప్పల్ దాటగానే, "ఏమయ్యా, రెండూర్లు తిరుగుతవ్ గదా, ఏది మంచిది?" అన్నాడు నా బండెక్కేవాళ్ల గొంతుతో. నేను నోరు తెరిచేలోపే తనే, "నీకది, నాకిది" అన్నాడు.

నిజంగానే అట్లాగే అయింది. నా మోతలన్నీ చౌటుప్పల్‌లోనే. పొద్దున ఖాళీ ట్రాలీతో గంట పోయి, సాయంత్రం గంట వచ్చేవాణ్ని. మా ఆవిడ కూడా కొత్త ఊళ్లో ఎవరూ తెలియక గోడలతో మాట్లాడేది. బాపు మాత్రం వానకాలం అంతా అరుగు మీదే ఉన్నాడు. ఊరికే కూర్చోలేక వత్తులు చేయబోయాడు.

"ఇవి వత్తులా, గొర్ల పగ్గాలా?" అనేది అవ్వ.

"నీ దేవుడు పెద్దోడు గదా, పెద్ద వత్తే ఉండాలె."

"గీ వత్తికి నూనె వోయాల్నంటే గానుగ వెట్టుకోవాలె."

అవ్వ ఆ లావు వత్తులను పారేయలేదు. వేరే డబ్బాలో వేసి పెట్టేది.

దసరా పోయిన వారానికి, ఒక పొద్దున బాపు చాయ్ తాగి, గ్లాసు నా చేతికిచ్చి, గోడకు ఒరిగాడు. మళ్లీ లేవలేదు. అవ్వ ఎవరినీ ఏమీ అడగలేదు. చీపురు తీసుకుని అరుగు ఊడ్చి, నీళ్లు చల్లి, తన ఇంట్లోని గొంగడి తెచ్చి పరిచింది. "తల గిటు వెట్టుండ్రి" అంది. ఊరి నుంచి మావాళ్లు వచ్చేదాకా ఆయన ఇంటి నీడలో ఉన్నాడు. ముఖం మీద దుమ్ము పడలేదు. మా ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని తీరిగ్గా ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను.

మూడో రోజు అయ్యగారు లెక్క చూసి, నక్షత్రం మంచిది కాదన్నాడు. ఆర్నెల్లు. ఒకే కప్పు, ఒకే గడప, కాబట్టి అవ్వ కూడా పోవాల్సిందే. నేను తల ఎత్తలేకపోయాను. ఆమె దూది మూట కట్టుకుంటూ అడిగింది.

"ట్రాలీ ఖాళీనే ఉన్నదా?"

"అవ్వా, నీ బిడ్డ కాడ దింపనా?"

"బిడ్డింట్ల ఆర్నెల్లుంటె బిడ్డ మిగులది. మీ ఎంబడే వస్త."

అట్లా ఇంటి ఓనర్ సామాను, కిరాయిదారు సామాను ఒకే ట్రాలీలో వేసుకుని మళ్లీ మూసీ దాటాం. చౌటుప్పల్‌లో రెండు గదులు చూశాం. ఆ ఓనర్ మా ముఖాలన్నీ చూసి అవ్వ దగ్గర ఆగాడు.

"గీ ముసలామె ఎవరు? పాణం మంచిగనే ఉన్నదా?"

మా ఆవిడ నా కాలు తొక్కింది. నాకు అబద్ధం సిద్ధంగానే ఉంది. అవ్వ ముందుకొచ్చింది.

"నాకు భోనగిరిల ఇల్లున్నది, అరుగున్నది. సచ్చేటందుకు ఆడికే వోత. ఈడికి బతికేటందుకు వచ్చిన."

ఆయన తాళంచెవి ఇచ్చాడు.

ఆర్నెల్లూ ఆమె బాగానే బతికింది. మందుల వాసన వస్తే కొంగు అడ్డం పెట్టుకుని, "మంచిగున్న ఊరికి ఎవలు దిష్టి తీసిండ్రు?" అనేది. అంగడికి పోయేది, మిర్చి బజ్జీ తెప్పించుకునేది. ఊరంతా నచ్చింది గానీ కూర్చోవడానికి అరుగే లేదని మెట్ల మీద దూది పెట్టుకుని వచ్చేపోయేవాళ్లకు అడ్డం కూర్చునేది.

గడువు తీరాక భువనగిరి పోయి ఇల్లు తెరిచి, కడిగి, పాలు పొంగించాం. మా ఆవిడ భువనగిరిలో ఉండటానికి తిరిగి రానంది. పని చౌటుప్పల్‌లో ఉంది, పిల్లలకు బడి దగ్గర, మనుషులు తెలుసు. ఆమె చెప్పిన ప్రతి మాటా సరైనదే. నేను కూడా పదేళ్లు బండెక్కినవాళ్లకు అదే చెప్పాను. అయినా చౌటుప్పల్ గదుల్లోని సామాను ట్రాలీలోకి ఎక్కించాను. ఎందుకని ఆమె అడగలేదు. ఆ రోజు అరుగు దగ్గర నేను 'పండవెడ్త' అన్నప్పుడు ఆమె నా పక్కనే ఉంది.

ఇప్పటికీ భువనగిరిలోనే ఉంటున్నాం. ఇప్పటికీ పక్కన కూర్చున్నవాళ్లు ఏ ఊరు మంచిదని అడుగుతారు. ఇంటి ఓనర్‌ను ముందు ఒక మాట అడగమని, ఆ మాట ఏమిటో చెబుతాను. నవ్వుతారు. నేను ఎప్పుడూ నవ్వించే మనిషినే కదా.

బాపు చేసిన లావు వత్తిని అవ్వ ఏడాదికొకటి, ఆయన పోయిన రోజున వెలిగిస్తుంది. డబ్బాలో ఇంకా చాలా ఉన్నాయి. పొద్దున నేను ట్రాలీ స్టార్ట్ చేసి, బయలుదేరకుండా ఒక నిమిషం ఆమె వైపు చూస్తాను. ఆమె దూది లోంచి తల ఎత్తదు.

"ఇయ్యాల గూడ వోత లేను. నువ్వు వో, పని చూస్కో."