దుప్పటి మీద డాక్టరమ్మ

జబ్బు నయం కానివాళ్ళకు నొప్పైనా తగ్గించే వార్డు అది. అక్కడ పాఠం చెప్పే డాక్టరమ్మ మనిషి భారీ, నోరు ఇంకా పెద్దది. కాబోయే డాక్టర్లు రాగానే చెప్పులు మంచం కిందికి తోసి, కళ్ళద్దాలు జేబులో వేసుకుని, ఖాళీ మంచంలో పరిచిన దుప్పటి మీద వెల్లకిలా పడుకుంటుంది. "నేను రోగిని. నలుగురూ దుప్పటి అంచులు పట్టుకుని, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి, మూడుకి ఒక్కసారే లాగి, నొప్పి పుట్టకుండా నన్ను పక్కకి తిప్పండి" అంటుంది. పాఠమంతా అదే. ఆ రోజు వచ్చిన నలుగురూ ఎవరికి వారే యమునా తీరే. ఒకడు రెండు అంకె దగ్గరే లాగేశాడు, ఒకమ్మాయి మూడు దాటాక లాగింది. డాక్టరమ్మ గుమ్మడికాయలా దొర్లింది. "నాయనా, నేను చచ్చాను. తర్వాతి రోగిని పిలవండి" అంది, కళ్ళు మూసుకునే.

పక్క మంచంలోని దర్జీ తాత కిసుక్కుమన్నాడు. కదిపితే ప్రాణం పోతుందని, వీపు పుండు పడుతున్నా రెండు రోజులుగా ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వని మనిషి. ఆవిడ నాలుగోసారికి పూలబుట్టలా తిరగడం చూసి, "సరే, ఇప్పుడు నన్ను. కానీ అంకెలు నేనే చెప్తా" అన్నాడు. నలుగురూ అంచులు పట్టుకున్నారు. డాక్టరమ్మ తలగడ పట్టుకుని, ఏదో చెప్పబోయి నోరు మూసుకుంది.

"ఒకటి... రెండు..." అని తాత ఆగిపోయాడు.

"ఏం తాతా, నొప్పా?" అంది ఆ అమ్మాయి.

"కాదమ్మా. ఇంతమంది నా మాట కోసం ఆగింది ఎప్పుడు గనక? కాస్త చూసుకోనీ."

ఒక్కొక్కరి ముఖమూ చూసి, తీరిగ్గా "మూడు" అన్నాడు. తాత పక్కకి తిరిగాడు; దుప్పటి అలికిడి తప్ప మూలుగైనా వినపడలేదు.