నా వెనక డబ్బా మోత

పేపరు వాళ్ళు వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న. "కొండల్లో ఒంటరిగా సైకిల్ తొక్కుతుంటే ఎలా ఉంటుంది మేడం?" నాకేటి తెలుసు బాబూ! ఒంటరిగా ఎప్పుడు తొక్కేనని? మౌంటెన్ బైక్ రేసులే నా బతుకు. మోకాళ్ళ నుంచి మడమల దాకా మచ్చలే. ఎక్కడెక్కడి కొండల మట్టో నా చక్రాలకి అంటుకుంది. కానీ మా ఉద్దానం జీడితోటల్లో నేనొక్కదాన్నీ తొక్కిన పూట ఒక్కటి లేదు. నా వెనక మా నాన్న మోపెడ్డు ఉంటాది. మోపెడ్డు వెనక రేకు డబ్బా ఉంటాది. డబ్బాలో గులకరాళ్ళు. గతుకు వచ్చినప్పుడల్లా అది గడగడమని మోగితే, నెత్తి మీద ఎవరో తిరగలి పెట్టి తిప్పుతున్నట్టు ఉంటాది.

ఆ డబ్బా ఎలుగుల్ని బెదరగొట్టడానికి. మా తోటల్లో ఎలుగుబంట్లు ఊళ్ళో మనుషుల్లాగే తిరుగుతాయి, జీడిపళ్ళ కాలంలో మరీనూ. బడిలో ఇచ్చిన సైకిల్ మీద ఇసక గట్లు ఎక్కీ దిగీ నేను ఆటల మాస్టారి కళ్ళల్లో పడ్డ ఏడాదే, మా పక్కింటి పెద్దమ్మని జీడిపిక్కలు ఏరుతుండగా ఎలుగు పట్టేసింది. ప్రాణం దక్కింది గానీ మొహం దక్కలేదు. ఆ సాయంత్రమే మా అమ్మ నా సైకిల్‌కి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. నేను అన్నం మానేసి ఏడుస్తుంటే చూడలేక నాన్న మధ్యలో దూరేడు. "అదెక్కడ తొక్కితే నానక్కడే. సప్పుడు సేసుకుంటూ ఎనకాలే వస్తాను. సరేనా?" అన్నాడు. అమ్మ ఒప్పుకుంది. నేను ఎగిరి గంతేసేను. ఓలమ్మో, ఆ ఒప్పందం ఎలుగులతో ఆగదని అప్పుడు నాకేటి తెలుసు!

ఎచ్చెర్లలో హాస్టల్లో ఉండి చదువుకోడానికి వెళ్తే నాన్న అక్కడికీ వచ్చేడు. ఎచ్చెర్లలో ఎలుగులేటి? లేవు. కుర్రాళ్ళు ఉన్నారు కదా అంది మా అమ్మ. శనివారం మధ్యాహ్నం అయ్యేసరికి హాస్టల్ గేటు బయట డబ్బా మోగేది. "ఒసే, నీ ఎద్దుబండి వచ్చినాదే" అని నా గదిలో పిల్లలు పడీ పడీ నవ్వేవారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వేదాన్ని, లోపల ఒళ్ళు మండుతూ.

ఇంకో సంగతి చెప్పేను కాదు. రేసుల్లో డబ్బా ఉండదు కదా. కొండ ఎక్కుడులో నన్ను పట్టుకునేవాళ్ళు తక్కువే గానీ, దిగుడు మొదలవగానే నా వేళ్ళు వాటంతట అవే బ్రేకు మీదకి పోయేవి. "దిగేటప్పుడు వెనక్కి ఎందుకు చూస్తావమ్మా?" అని కోచ్ సార్ తిట్టేవారు. చూడటం లేదు సార్, వింటున్నాను. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. అంటే నవ్వుతారు.

ఆయనే ఒకరోజు ట్రైనింగ్ క్యాంపు సంగతి చెప్పేరు. జాతీయ పోటీల్లో, ఇరవై మూడేళ్ళ లోపు ఆడపిల్లల్లో మొదటి ముగ్గురికి క్యాంపులో చోటు ఇస్తారట. తిండీ, బసా, మంచి సైకిలూ అన్నీ వాళ్ళవే. ఆఖర్న ఆయన ఇంకో మాటన్నారు, తల్లిదండ్రులకి లోపలికి ప్రవేశం లేదని. పతకం కన్నా ఆ మాటే నాకు తీపిగా వినిపించింది. ఆ క్యాంపు వెనక కొండ మీద, పొద్దున్నే, వెనక ఏ మోతా లేకుండా నేనొక్కదాన్నీ తొక్కుతున్నట్టు రోజూ అనుకునేదాన్ని. ఇంకేం అడగలేదు నేను దేవుణ్ణి.

ఆ పోటీకి నాన్నా నేనూ పలాసలో రైలెక్కి వెళ్ళేం. క్రాస్ కంట్రీ రేసు అంటే అడవి బాట చుట్టూ మళ్ళీ మళ్ళీ తిరగడమే, ఎక్కుడూ దిగుడూ రాళ్ళూ చెట్ల వేళ్ళూ. నీళ్ళ సీసా అందివ్వడానికి ఒకే ఒక్క చోటు, ఫీడ్ జోన్ అంటారు, అక్కడ మనవాళ్ళు నిలబడొచ్చు. మిగతా దారిలో మనిషిని గానీ సైకిల్‌ని గానీ ఎవరైనా ముట్టుకున్నారా, ఇక పోటీలో లేనట్టే. నాన్నకి ఈ రూలు ముందురోజు రాత్రి అన్నం తింటూ చెప్పేను. బుర్రూపేడు.

చివరి చుట్టులో మూడోదాన్ని నేను. ఫీడ్ జోన్ దాటిన వెంటనే రాళ్ళ దిగుడు. ముందు చక్రం జారింది, పొదలో పడ్డాను. తల ఎత్తే లోపలే నా చంకల కింద రెండు చేతులు. నాన్న ఫీడ్ జోన్‌కి కట్టిన తాడు దూకి వచ్చేసేడు! నన్ను నిలబెట్టి, తుండుతో మోకాలి మట్టి దులిపి, వంకరైన హ్యాండిల్ సరిచేసి, "ఎల్లమ్మా, ఎల్లు" అని వెనకనుంచి ఒక తోపు తోసేడు. ఎవరో విజిల్ ఊదేరు. మూడోదాన్నిగానే గీత దాటేను. బోర్డు మీద మాత్రం నా పేరు లేదు.

"నాన్నా, చెప్పేను కదా నీకు! నిన్న రాత్రే చెప్పేను కదా!" నలుగురిలో అరిచేసేను.

"నానేటి సేసీదే? కాలు నా మాట ఇన్నాదేటి?" అన్నాడు.

సరే, ఇంటికి వచ్చేక కనీసం ఊరైనా నా వైపు ఉంటాదేమో అనుకున్నాను. ఎక్కడ! "పడిపోయిన పిల్లని కన్నతండ్రి లేపితే తప్పేటి? ఆ రూలు రాసినోడు తల్లికి పుట్నేదా?" అని వీధి వీధంతా ఆ రిఫరీని దుమ్మెత్తి పోసింది. నాన్న టీ బడ్డీ దగ్గర మహారాజు. పక్కింటి పెద్దమ్మయితే చీర చెంగుతో మొహం సగం కప్పుకునే వచ్చి, "అలాటి తండ్రి ఉండాల" అని నా గెడ్డం పట్టుకుంది. ఎవరి మీద కోప్పడను నేను? కొట్టేవాడైతే కోప్పడొచ్చు, తాగేవాడైతే కోప్పడొచ్చు. పడితే లేపేవాణ్ణి ఏమనాలి? ఏమన్నా నేనే పాపిష్టిదాన్ని అవుతాను. కక్కలేను, మింగలేను. నాకు ముందు నుయ్యి, వెనక మోపెడ్డు.

మరుసటి ఏడాది నా వయసుకి ఆఖరి అవకాశం. అది తప్పితే ఆ క్యాంపు తలుపు మూసుకున్నట్టే. నాన్నే ముందుగా అన్నాడు, "ఈపాలి నాను రానే, నువ్వెల్లు." నేను అప్పుడే సంచి సర్దుకోడానికి లేచేను. అమ్మ పొయ్యి దగ్గరనుంచి తలైనా తిప్పకుండా, "నువ్వెల్లకపోతే అదీ ఎల్లదు" అంది. అంతే, అయిపోయింది.

ఇక చేసేదేముంది, నాన్నకి లేపకపోవడం నేర్పడం మొదలుపెట్టేను. నవ్వొస్తోందా? నిజమే చెప్తున్నాను. తోటలో ఇసక మెత్తగా ఉన్నచోట కావాలని పడేదాన్ని. ఆయన మోపెడ్డు దిగి నిలబడాలి, అంతే. పడ్డానో లేదో రెండడుగులు వచ్చేసేవాడు. "నాన్నా!" అని కసిరితే వెనక్కి. మళ్ళీ పడు, మళ్ళీ కసురు. "ఇదేటి సిచ్చే నాకు, ఏ పాపం సేసేనని" అని ఒకరోజు చెట్టు కింద కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు. చివరికి చేతులు వెనక్కి కట్టుకుని, దవడ బిగించి, వేరే వైపు చూస్తూ నిలబడటం నేర్చుకున్నాడు. నాకూ ఏదో నేర్పుతున్నానన్న గర్వం. ఆ ఇసకలో పడీ పడీ నేనేం నేర్చుకుంటున్నానో అప్పుడు నాకు తట్టలేదు.

రేసు రోజు పెళ్ళిళ్ళకి మాత్రమే తీసే పొందూరు కండువా వేసుకుని వచ్చేడు. మొదటి చుట్టులో ఫీడ్ జోన్‌కి వచ్చి చూద్దును కదా, ఆ కండువాతో ఎడమచెయ్యి మణికట్టుని కంచె వెదురుకి కట్టేసుకున్నాడు! రెండు ముళ్ళు. కుడిచేత్తో సీసా చాచి నవ్వుతున్నాడు. పక్కన వేరే రాష్ట్రాల వాళ్ళు ఆయన్ని వింతగా చూస్తున్నారు. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, సీసా లాక్కుని పోయేను.

చివరి చుట్టు. మళ్ళీ మూడోదాన్ని. నాలుగో అమ్మాయి చాలా వెనకబడింది. ఫీడ్ జోన్ దాటి కొంచెం దిగేనో లేదో, తడి రాయి మీద చక్రం జారింది. పడ్డాను.

పెద్ద దెబ్బేం కాదు. ఎముక విరగలేదు, చైను ఊడలేదు, సైకిల్ నా పక్కనే ఉంది. లేచి ఎక్కితే సరి. పైనుంచి నాన్న అరుపు వినిపిస్తోంది. "లెగు! లెగవే అమ్మా, లెగు!" చూసేను. కట్టిన చెయ్యి గుంజుకుంటున్నాడు, వెదురు ఊగుతోంది. ముడి మాత్రం విప్పడం లేదు. కుడిచెయ్యి ఖాళీగానే ఉంది, విప్పొచ్చు. విప్పడం లేదు.

నేను లేవడం లేదు. ఎందుకు లేవడం లేదో నాకే అర్థం కాలేదు. కాళ్ళలో బలం ఉంది. లెగు అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. నా చంకలు మాత్రం చేతుల కోసం చూస్తున్నాయి. పొద్దున్నే వెనక ఏ మోతా లేకుండా తొక్కాలనుకున్న మనిషినే నేను. ఆ రాళ్ళలో పడి, మా నాన్న వచ్చి మట్టి దులిపితే గానీ లేవలేనని ఎదురుచూస్తున్నాను. ఒక అమ్మాయి నన్ను దాటిపోయింది. ఇంకో అమ్మాయి కూడా దాటింది. అప్పుడు లేచేను.

అయిదోదాన్ని.

తిరుగు రైల్లో నాన్న కిటికీ పక్కన కూర్చుని మణికట్టు నిమురుకుంటున్నాడు. తోలు లేచిపోయి ఎర్రగా గీత పడింది. కండువా చిరిగింది. ఊళ్ళో ఏం చెప్పాలో అని కాసేపు దిగులుగా ఉన్నాడు. తర్వాత నా పక్కకి జరిగి, ఎవరూ చూడకుండా, ఆ చెయ్యి నా ముందుకి చాపేడు. మొహంలో ఎక్కడో చిన్న వెలుగు.

"సూసేవా అమ్మా? ఈపాలి నావల్ల పోనేదు. నాను ముట్టనేదు."

"చూసేను నాన్నా," అన్నాను.