నా రైఫిల్‌కి ఆయుధపూజ

ఏ లోటూ లేకుండా, సంపూర్ణంగా నవ్వులపాలు కావడం ఎలాగో తెలుసుకోవాలంటే నన్నడగండి. ఆ పని నేను అరిజోనా కొండల్లో, ఒక జింక ఎదుట, శాస్త్రోక్తంగా చేసి చూపించినవాణ్ని.

అప్పటికి చాండ్లర్‌లో చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజినీరుగా చేరి పదేళ్ళయింది. గ్రీన్ కార్డు వచ్చింది, జుట్టు పోయింది, కొత్త సరదా ఒకటి కావాల్సి వచ్చింది. మా ఫ్యాక్టరీలో మెషీన్లు రిపేరు చేసే వాల్ట్ అనే అరవై ఏళ్ళ పెద్దాయన ఏటా జింక వేటకు వెళ్ళేవాడు. ఒకరోజు లంచ్‌లో "నువ్వూ రా" అన్నాడు. అక్కడ జింకను కొట్టాలంటే పర్మిట్‌కి లాటరీ తీస్తారు. వీసా లాటరీ ఒక్కసారికే తగిలిన నాకు జింక లాటరీ తగలడానికి మూడేళ్ళు పట్టింది. ఒక్క పర్మిట్, ఒక్క జింక, వారం పది రోజుల గడువు. తప్పిపోతే మళ్ళీ లాటరీయే.

రైఫిల్ విషయంలో వాల్ట్ ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"మామూలు బోల్ట్ యాక్షన్ కొనుక్కో. గుండు గుండుకీ చేత్తో బోల్ట్ వెనక్కి లాగి, ముందుకు తోసి, పిడి కిందికి దించాలి. అంతే. చెడిపోవడానికి అందులో ఏమీ లేదు."

చెడిపోవడానికి ఏమీ లేని వస్తువును చూస్తే ఇంజినీరుకు చేతులు ఊరుకుంటాయా? నాలుగు నెలలు ఎక్సెల్ షీట్ వేశాను. పెళ్ళిచూపులకు కూడా నేను అంత పరిశోధన చెయ్యలేదు, ఈ మాట మా ఆవిడ సుజాత చదవకుండా చూసుకోవాలి. షూటింగ్ రేంజ్‌లో అట్ట మీద గురి చూసి కొట్టడానికి బరువైన బ్యారెల్ మంచిది, కొండలెక్కి వేటాడడానికి తేలికైనది మంచిది. నాకు రెండూ ఒకే తుపాకిలో కావాలి. అందుకని బరువైన బ్యారెల్ వేయించాను. ఆ బరువు తగ్గడానికి భుజానికి ఆనే కర్ర దిమ్మ తీయించి కార్బన్ ఫైబర్‌ది పెట్టించాను. తగ్గిన బరువంతా పెద్ద స్కోపూ, రెండు కాళ్ళ స్టాండూ బిగించి మళ్ళీ పెంచాను. ట్రిగ్గర్ కూడా మార్పించాను.

నవ్వకండి. రేంజ్‌లో వంద గజాల దూరాన మూడు గుండ్లూ రూపాయి బిళ్ళంత చోట పడ్డాయి.

"బాగుంది. కానీ అట్టకు కాళ్ళుండవు" అన్నాడు వాల్ట్.

"రేంజ్ గెలిచి అడవి గెలవమన్నారు మా పెద్దలు" అన్నాను. మన పెద్దలు ఆ మాట అనలేదని ఆయనకు తెలియదు.

ఆ ధీమాతోనే వేట మొదలయ్యాక వచ్చే ఆదివారం భోజనానికి నాలుగు కుటుంబాలను పిలిచేశాను. జింక మాంసం వేపుడు అని ఫోన్లో ఊరించి మరీ చెప్పాను.

"జింక ఇంకా అడవిలోనే ఉంది కదండీ" అంది సుజాత.

"ఆదివారానికి మన ఫ్రిజ్‌లో ఉంటుంది."

ఇక్కడే దసరా వచ్చింది. సరిగ్గా వేట సీజన్ మొదలయ్యే వారంలోనే వచ్చింది. ఏటా గరాజ్‌లో కార్లకూ, డ్రిల్లు మెషీన్‌కూ, గడ్డి కోసే మెషీన్‌కూ పూజ చేస్తాం. ఇన్నాళ్ళకు ఇంట్లోకి అసలుసిసలు ఆయుధం వచ్చింది, పైపైన చేస్తే ఎలా? గుండ్లన్నీ లోపల బీరువాలో పెట్టి తాళం వేశాను. రైఫిల్‌ను పీట మీద పడుకోబెట్టి, బోల్ట్ ఊడదీసి పక్కన పెట్టాను.

"పైన బొట్టు పెడితే చాలదా?" అంది సుజాత.

"ఆశీర్వాదం లోపలిదాకా వెళ్ళాలి."

"పోయినేడు కారుకి అలాగే బానెట్ ఎత్తి చేశారు. వారం రోజులు ఏసీలోంచి పసుపు వచ్చింది."

నేను వినలేదు. గంధం పూశాను, స్కోప్‌కి కన్ను పెట్టే అంచు చుట్టూ కుంకుమ దిద్దాను, దోసిలి నిండా అక్షతలు తీసుకుని తలంబ్రాల్లా పోశాను.

మర్నాడు వాల్ట్ ఫోన్ చేశాడు. "బయలుదేరే ముందు ఒకసారి బోల్ట్ ఆడించి చూసుకో."

"కుదరదు. పూజలో పెట్టిన ఆయుధాన్ని పనిలోకి దిగేదాకా ముట్టుకోకూడదు. మా పద్ధతి."

"సరే, మీ పద్ధతి మీది" అన్నాడు. నిజానికి మా పద్ధతి కూడా అది కాదు. విజయదశమి దాటాక నిక్షేపంగా ముట్టుకోవచ్చు. కాకపోతే చూడాల్సిన అవసరం నాకు కనిపించలేదు. పైనున్న గింజలు దులిపి, అలాగే పెట్టెలో పెట్టాను.

శనివారం ఉదయం పొద్దు పొడిచే వేళకు ఇద్దరం కొండ వాలున ఒక రాతి పక్కన పడుకుని ఉన్నాం. బోల్ట్ దాని చోట్లో దూర్చి, గుండ్లు నింపాను. జింక కనిపించేదాకా బోల్ట్‌ను వెనక్కే ఉంచమన్నాడు వాల్ట్. అరగంటకు మగ జింక ఒకటి పొదల్లోంచి వచ్చింది. నూటయాభై గజాలుంటుంది. పక్కకు తిరిగి, ఫొటోకి నిలబడినట్టు నిలబడింది. స్కోప్‌కి కన్ను ఆనించి, బోల్ట్ ముందుకు తోశాను. పిడి కిందికి దిగలేదు. మళ్ళీ తోశాను. దిగలేదు.

"కాల్చు" అన్నాడు వాల్ట్ గుసగుసగా.

"దిగడం లేదు."

"ఏది?"

"పిడి."

ఈ టకటకలకు జింక తలెత్తి మా వైపు చూసింది. కాసేపు ఓపిగ్గా చూసి, ఇక వీళ్ళతో కాదనుకుందేమో, కొండ దాటి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మూడేళ్ళ లాటరీ అలా నడిచి వెళ్ళిపోయింది.

వాల్ట్ నా వైపు తిరిగి కంగారు పడ్డాడు. "కనుబొమ్మ చీరుకుపోయింది. స్కోప్ వెనక్కి తన్నిందా?" అని, వెంటనే, "అసలు పేల్చందే ఎలా తన్నింది?" అన్నాడు.

"అది కుంకుమ" అన్నాను.

ఆయన రైఫిల్ అందుకున్నాడు. గుండు తీసేసి, బోల్ట్ బయటకు లాగి, బ్యారెల్ మొదట్లోకి చిన్న టార్చి వేసి చూశాడు. సన్నటి పుల్లతో పొడిచి, ఒక పచ్చటి గింజను అరచేతిలో వేసుకున్నాడు. గంధంతో అతుక్కుని ఉందది. అన్నీ ఉన్నాయి, తుపాకి నోట్లో బియ్యపు గింజ ఉంది.

"ఇదేమిటి?"

"బియ్యం. ఆశీర్వాదానికి వేస్తాం. నూరేళ్ళు చల్లగా బతకమని."

వాల్ట్ ఆ గింజనూ, జింక వెళ్ళిన దారినీ మార్చి మార్చి చూశాడు. "పనిచేసింది" అన్నాడు.

మిగిలిన గడువంతా తిరిగినా మరో జింక తోక కూడా కనబడలేదు. ఆ వేట మర్నాడే, ఆదివారం వచ్చిన నాలుగు కుటుంబాలూ కోడి వేపుడు తిన్నాయి. ఆ కోడిని సుజాత ఎప్పుడు తెచ్చిందో తెలుసా? పూజ చేసిన రోజే.

ఆ మరుసటి ఏడు దసరాకు వాల్ట్ మళ్ళీ ఫోన్ చేశాడు. "వచ్చే నెల నాకు గుండె ఆపరేషన్. ఆ బియ్యం కాస్త ఉంటే నా నెత్తిన వెయ్యి."

వెళ్ళి వేశాను. ఆయన ఇప్పటికీ నిక్షేపంగా వేటకు వెళ్తున్నాడు. కనుక సకల దేవతల సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: బతకాలని నేను కోరుకునే ప్రాణి నెత్తిన తప్ప, చంపే వస్తువు నోట్లో ఇక జన్మలో అక్షతలు వెయ్యను.